ఏ లక్షణం చూసి?

వర్గీకరణ అన్న మాట చెవిన పడగానే మనవాళ్లెవరికీ దోమరెక్కలు గుర్తుకు రావు. ధర్నాలు గుర్తుకొస్తాయి, పాదయాత్రలు గుర్తుకొస్తాయి, కోర్టు తీర్పులు గుర్తుకొస్తాయి. నాకూ అంతే. కానీ నేను సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్పుకుని బతికేదాన్ని. మా పాఠాల్లో ఒక పాఠం పేరే వర్గీకరణ. బోర్డు మీద ఆ మాట రాసినప్పుడల్లా మనసులో ఏదో కలుక్కుమంటది. ఆ కలుక్కును ఇన్నాళ్లకు విప్పి చెప్పాలనిపించింది. చచ్చి కోట్ల ఏళ్లయిన చిరుదోమల మీదుగా చెప్తాను. వింతగా ఉంటే ఉండనీండి.

మేం చదువుకునేటప్పుడు బడికి స్కాలర్‌షిప్ ఫారాలొచ్చిన రోజున "ఎస్సీలు లేవండ్రి" అనేటోళ్లు. లేచేవాళ్లం. పేర్లతో పనిలేదు. ఎవరు బాగా చదువుతరో, ఎవరు పాడతరో, ఎవరి లెక్కలు తప్పుపోవో, అవేవీ లేవు. కూర్చున్నోళ్లు, నిలబడ్డోళ్లు. తరగతి రెండు ముక్కలు. నేను చూసిన మొదటి వర్గీకరణ అది. ఏ లక్షణం చూసి మమ్మల్ని విడదీశారని అడిగే నోరు అప్పటికి మాకు రాలేదు. ఉద్యోగమొచ్చినంక కిరాయిల్లు వెతకబోతే అదే వర్గీకరణ గుమ్మంలో ఎదురొచ్చింది. జీతం అడిగిండ్రు, సంతోషపడ్డరు. తర్వాత "మీరేమోళ్లు?" అన్నరు. చెప్పిన. "మా చుట్టాలొస్తున్నరమ్మా, ఇల్లు ఖాళీ లేదు" అన్నరు. తాళం చెవి అప్పటికే నా చేతిలో పెట్టి ఉన్నరు. తిరిగి ఇచ్చేసి మెట్లు దిగిన.

ఇంక దోమల సంగతి. మా వంశంలో కీటకాలను మొదట వర్గీకరించింది నేను కాదు, నన్ను కన్న మా అవ్వ. అక్షరమ్ముక్క రాదు. నాట్లేసి, కలుపు తీసి నన్ను డిగ్రీ దాకా తెచ్చింది. ఒడ్డు మీద నిలబడి వరి పిలకను చూసి "ఉల్లికోడు సోకింది" అనేది. ఆకు ఉల్లికాడ లెక్క గొట్టమై తెల్లగా మెరుస్తది, ఆ పిలకకు కంకి రాదు. తెల్లారి ఆసామి వచ్చి అదే మాట అంటే అది వ్యవసాయ జ్ఞానం, మా అవ్వ అంటే కూలిదాని మాట. ఆ ఉల్లికోడు తెచ్చేది దోమలాంటి ఒక చిన్న పురుగు. దాని కుటుంబం సెసిడోమైడే అని, దాని రెక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే ఈనెలు నాలుగైదుకు మించవని నేను చదువుకున్నాక తెలిసింది.

డిగ్రీ ప్రాక్టికల్స్‌లో దోమరెక్కను స్లైడు మీద చూసిన దినం నాకిప్పటికీ యాదికుంది. ఆకులో ఈనెల్లాగ రెక్క నిండా గీతలు. ఎవరో కూర్చుని గీసినట్టు. ఈగలకు, దోమలకు రెండే రెక్కలు. వెనక జత రెక్కలు చిన్న గుండు కాడలుగా మారిపోయి, ఎగిరేటప్పుడు ఒళ్లు తూలకుండా చూస్తాయి. 1758లో లినేయస్ వీటన్నిటినీ డిప్టెరా అని ఒక క్రమం కింద చేర్చాడు. డిప్టెరా అంటే రెండు రెక్కలవి. కళ్ల ముందు గుంపుగా ముసిరే నుసుమలు, పుట్టగొడుగుల్లో పెరిగే చిరుదోమలు, ఉల్లికోడు దోమ, అన్నీ అందులోవే.

బతికున్న పురుగుకు కాళ్లు, మీసాలు, కళ్లు, జననాంగాలు అన్నీ చూడొచ్చు. రాయిలో అచ్చుపడ్డ పురుగుకు ఒళ్లు నలిగిపోతుంది. రెక్క పలచనిది, పరుచుకుని ఉంటుంది, గట్టి పదార్థంతో అయింది. అందుకే చాలాసార్లు రెక్కే మిగులుతుంది. చెట్టు జిగురు కారి, అందులో పురుగు చిక్కి, కోట్ల ఏళ్లకు ఆ జిగురు రాయైతే దాన్ని ఆంబర్ అంటారు. అందులో పురుగు చెక్కు చెదరకుండా కూడా ఉంటుంది. అయినా శాస్త్రవేత్త కళ్లు ముందు రెక్క మీదికే పోతాయి.

ఏం చూస్తారు? రెక్క ముందంచున నడిచే ఈనె కోస్టా. దాని వెనక సబ్‌కోస్టా, తర్వాత రేడియస్, మీడియా, క్యూబిటస్, చివర ఆనల్ ఈనెలు. 1898-99లో అమెరికాలో కామ్‌స్టాక్, నీధమ్ అనే ఇద్దరు కలిసి ఈ పేర్లను కీటకాలన్నిటికీ ఒకే పద్ధతిలో వాడేటట్టు చేశారు. అంతకుముందు ఈగల పండితుడిది ఒక పేరు, తూనీగల పండితుడిది ఇంకో పేరు. సబ్‌కోస్టా అంచు దాకా పోయిందా, మధ్యలోనే ఆగిందా? రేడియస్ ఎన్ని కొమ్మలేసింది? మీడియా ఎక్కడ చీలింది? అడ్డ ఈనె ఎక్కడుంది? రెక్క పొర మీద నూగు ఉందా, పొడుగు వెంట్రుకలున్నాయా? సియారిడే అనే నల్ల చిరుదోమల్లో మీడియా శ్రుతిదండం లెక్క రెండుగా చీలుతుంది. కెరోప్లాటిడేలో రేడియస్, మీడియా కొంతదూరం ఒకదాన్నొకటి అంటుకుని నడిచి మళ్లీ విడిపోతాయి. గీత ఎక్కడ కలిసింది, ఎక్కడ విడిపోయింది అన్నదాన్ని బట్టి కుటుంబం తేలుతుంది.

ఈ పని మొదలుపెట్టినవాళ్లలో ఒక బడిపంతులున్నాడు. హెర్మన్ లోవ్. ఇప్పటి పోలండ్‌లో ఉన్న మెసెరిట్జ్ ఊళ్లో పాఠశాల నడిపాడు. బాల్టిక్ సముద్రతీరపు ఆంబర్ గురించీ అందులోని కీటకాల గురించీ 1850లో తన బడి ప్రచురణలోనే రాశాడు. అది తెలిసినప్పుడు నాకు భలే సంబరమైంది. బడిపంతులంటే హాజరు పట్టీ, మధ్యాహ్న భోజనం లెక్కలేనా?

తర్వాత వచ్చినవాడు విల్లీ హెనిగ్. ఈయన కూడా ఈగల, దోమల మనిషే. రెండో ప్రపంచయుద్ధం ముగిసేటప్పటికి బ్రిటిష్ వాళ్ల చేతిలో బందీ. ఆ బందీఖానాలోనే వర్గీకరణ సిద్ధాంతం రాయటం మొదలుపెట్టాడు. 1950లో పుస్తకంగా వచ్చింది. ఆయన చెప్పినదాన్ని పిల్లలకు నేనిట్లా చెప్తాను: రెండు పురుగులకూ రెండేసి రెక్కలున్నయంటే అవి దగ్గరి చుట్టాలని కాదు, అది ఈగలన్నిటికీ ముత్తాతల నుంచి వచ్చిన ఆస్తి. నడుమ కొత్తగా వచ్చిన మార్పు ఎవరెవరి దగ్గర ఉందో చూడు, వాళ్లు దగ్గరి చుట్టాలు. ఇంకోటి. ఒళ్లు చిన్నదయ్యేకొద్దీ ఈనెలు పోతుంటాయి, వేర్వేరు వంశాల్లో వేర్వేరుగా పోతాయి. కాబట్టి ఇద్దరికీ ఒక ఈనె లేదంటే అంతమాత్రాన ఇద్దరూ ఒక్కటి కారు. లేనితనం ఒక్కటే చుట్టరికానికి రుజువు కాదు.

మన దేశంలోనూ ఆంబర్ ఉంది. గుజరాత్‌లో సూరత్ దగ్గర లిగ్నైట్ గనుల్లో దొరికింది. వయసు 5 కోట్ల 40 లక్షల ఏళ్లు. గుగ్గిలం చెట్టు కుటుంబానికి చెందిన చెట్ల జిగురు అది. అప్పటి ఇండియా ఆఫ్రికా నుంచి విడివడి సముద్రంలో ఉత్తరానికి జరుగుతూ వచ్చిన భూభాగం. అన్నాళ్లు ఒంటరిగా ఉంటే ఇక్కడి పురుగులు ఎక్కడా లేనివై ఉండాలి కదా అనుకున్నారు. 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో ఆ ఆంబర్‌లోని కుట్టే చిరుదోమలను పరీక్షించారు. 10 ప్రజాతులు తేలాయి. 7 ఇప్పటికీ బతికున్నవి, 3 అంతరించినవి. 5 కొత్త జాతులకు పేర్లు పెట్టారు. వాటిలో ఒకటి ఇయోహీలియా ఇండికా. ఆ ప్రజాతి అంతకుముందు బాల్టిక్ ఆంబర్‌లో తెలిసిందే. అంటే ఇక్కడి దోమకు యూరప్‌లో చుట్టాలున్నారు. ఇండియా ఒంటరిది కాదు. మా రక్తం వేరు, మేము ఎవరితో కలవనోళ్లం అనే కబుర్లు ఈ దేశపు దోమ కూడా చెప్పలేకపోయింది.

ఈ శాస్త్రంలో మాత్రం కులం లేదా అంటే, పని విభజన ఉంది. మయన్మార్‌లోని కచిన్ ప్రాంతంలో 9 కోట్ల 90 లక్షల ఏళ్ల నాటి ఆంబర్ దొరుకుతుంది. ఇరుకు గుంతల్లోకి దిగి తవ్వేవాళ్లు వేరు, కొని అమ్మేవాళ్లు వేరు, పురుగుకు పేరు పెట్టేవాళ్లు వేరు. అక్కడి యుద్ధాన్ని, ఆ గనుల పెత్తనాన్ని చూసి 2020లో వెన్నెముక జీవుల శిలాజాలు చదివే శాస్త్రవేత్తల సంఘం ఆ ఆంబర్ మీద కొత్త పరిశోధనలు అచ్చెయ్యటం ఆపమని పత్రికలను కోరింది. గుంతలో దిగినవాడి పేరు ఏ దోమకూ పెట్టరు. ఆ సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయినా ఈ వర్గీకరణ దగ్గర నాకు నచ్చేది ఒకటుంది. ఎవరైనా కొత్త జాతి అని ప్రకటిస్తే ఏ లక్షణాలు చూసి అన్నాడో రాయాలి. ఆ పురుగును మ్యూజియంలో పెట్టాలి. రేపు ఇంకొకరు పోయి చూసి "కాదు, ఈ ఈనె ఇక్కడ చీలలేదు" అనొచ్చు. అప్పుడు పేరు మారుతుంది, కుటుంబం మారుతుంది. ఎవరికీ మైల పట్టదు. జాతి అనే మాటనే చూడండి. ఊళ్లో "జాతి తక్కువది" అని తిట్టు. పాఠంలో జాతి అంటే ఒక రకం, అంతే. ఒక జాతికి పైన ఇంకో జాతి ఉండదు.

కులానికి కూడా లక్షణం వెతికినవాళ్లున్నారు. రిస్లీ అనే ఇంగ్లీషు అధికారి ముక్కులు కొలిచాడు. 1891లో బెంగాల్ కులాల మీద పుస్తకాలేశాడు. ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ హోదా తగ్గుతుందన్నాడు. 1901 జనాభా లెక్కలకు ఆయనే కమిషనరు, కులాలను పైనుంచి కిందికి వరసపెట్టించాడు. 1948లో బాబాసాహెబ్ 'అంటరానివాళ్లు' గ్రంథంలో అవే ముక్కు కొలతలను ముందేసుకుని, బ్రాహ్మడూ అంటరానివాడూ వేరు వేరు జాతులన్న వాదం నిలవదని తేల్చాడు. నమూనా బల్ల మీద పెట్టమన్నాడు. పెట్టలేకపోయారు. కులానికి ఈనె లేదు.

మరి మన వర్గీకరణ? అడుగుతారని తెలుసు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మోగింది. 2004లో సుప్రీంకోర్టు ఎస్సీలను విడదీయరాదంది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనంలో ఆరుగురు విడదీయొచ్చన్నారు. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి 59 కులాలు మూడు గ్రూపులై, 15 శాతం 1, 9, 5గా పంపకమైంది. నేను మాదిగదాన్ని. నాతో ఒకే టిఫిన్ డబ్బా పంచుకునే అక్క మాల. తీర్పొచ్చిన రోజు ఆమె తినలేదు. "మనల్ని విడగొట్టుడే వాళ్లకు కావాల్సింది చెల్లె" అంది. "ఉల్లికోడు దోమను, నల్ల చిరుదోమను కలిపి దోమ అంటే ఎట్లక్కా? లెక్క తెలువకుంటే ఎవరి నోట్ల మెతుకు పడలేదో ఎట్ల తెలుస్తది?" అన్నాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. ఒప్పుకోలేదు ఆమె. నేనూ వదల్లేదు. మర్నాడు డబ్బా తెచ్చింది, ఇద్దరం తిన్నాం. వాదన ఇంకా నడుస్తనే ఉంది.

ఆమెతో వాదిస్తూ వాదిస్తూ నాకొకటి తేటపడింది. మన మీద రుద్దిన లేనితనం ఒకటే అయినంత మాత్రాన మనందరి ఆకలి ఒకే కొలత కాదు. పంపకం కోసం గీసే గీతకు లక్షణాలు చెప్పొచ్చు: ఎవరింట్లో ఎందరు చదివారు, ఎందరికి కొలువులొచ్చాయి. లెక్కపెట్టొచ్చు. లెక్క మారితే గీత మార్చాలి. మార్చటానికి ఒప్పుకునేదే వర్గీకరణ, ఒప్పుకోనిది కులం. చిట్టచివరి గుంపులో ఉన్న కులాల పిల్లలు బడి గడప తొక్కారా అని చూడకుండా మాలా మాదిగలు ఇద్దరే కొట్లాడుకుంటే మాత్రం ఆ గీతకు అర్థం లేదు. ఈ మాట అక్కా నేనూ ఇద్దరం ఒప్పుకున్నదే.

మొన్న తరగతిలో ట్యూబులైటు కింద రాలిన చిరుదోమల రెక్కలు చూపించాను. బడికి ఉన్నది ఒకటే సూక్ష్మదర్శిని. వరసగా వచ్చి చూశారు, ఈనెలు గీశారు. ఒక పిల్ల అడిగింది: "టీచర్, వీటిల పెద్దకులం ఏది?" పిల్లలు నవ్వలేదు. నిజంగానే జవాబు కోసం చూస్తున్నారు. పదమూడేళ్లకే వాళ్లకు వేరుగా ఉండటం అంటే పైనా కిందా ఉండటమని నేర్పేశాం. "రెక్క మీద ఎక్కడన్న రాసుందేమో చూసి చెప్పు" అన్నాను. మళ్లీ కన్ను ఆనించి చాలాసేపు చూసింది. "లేదు టీచర్" అంది.

చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది ఇదే. హాస్టల్లోనో, ఆఫీసులోనో, కిరాయింటి గుమ్మంలోనో మిమ్మల్ని ఎవడైనా ఒక గడిలో పెట్టబోతే తల దించకండి. ఏ లక్షణం చూసి పెడుతున్నావు, నమూనా ఎక్కడుంది, చూపించు అని అడగండి.