పెట్టెతో ఉచితంగా వచ్చిన డబ్బా

ఇల్లు కట్టి చూడమనీ, పెళ్ళి చేసి చూడమనీ పెద్దలు ఊరకే అనలేదు. ఆ రెండింటి సరసన ‘కంప్యూటరు కట్టి చూడు’ అన్నదాన్ని కూడా చేర్చవచ్చునని నా అభిప్రాయం. మొదటి రెండింటిలో ఖర్చు ఎక్కడ పెరిగిందో ఒక పట్టాన లెక్క తేలదు. మూడోదానిలో మాత్రం ఖర్చు ఎక్కడ తగ్గించామో అక్కడే దెబ్బ తగులుతుంది.

బంధువులలో, స్నేహితులలో ఎవరింట పిల్లలు పైచదువులకు వచ్చినా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. “దుకాణంలో సిద్ధంగా ఉన్నది కొనమంటావా, విడిభాగాలు తెచ్చి కట్టించుకోమంటావా?” ఇరవయ్యేళ్ళుగా ఈ ప్రశ్నకు తడుముకోకుండా సమాధానం చెబుతూ వచ్చాను. 2024లో మా అమ్మాయి ఇదే ప్రశ్న అడిగినప్పుడు మాత్రం నోరు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదో చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలూ.

అసలు కంప్యూటరును ఎవరికి వారు కట్టుకోగలగడమే ఒక వింత. స్కూటరునో, ఫ్రిజ్జునో మనం అలా కట్టుకోలేము కదా! 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు, త్వరగా తయారు చేయాలన్న తొందరలో చాలావరకు బజారులో దొరికే భాగాలనే వాడింది. ప్రాసెసరు ఇంటెల్‌ది, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్‌ది. లోపలి అమరికను వివరిస్తూ పుస్తకం కూడా అచ్చు వేసింది. తనదంటూ గట్టిగా పట్టుకున్నది బయోస్ అనే చిన్న ప్రోగ్రామును. కాంపాక్ వారు దాన్ని నకలు చేయకుండా, అది చేసే పనిని మాత్రమే తెలుసుకుని, తమంతట తాము తిరిగి రాయించుకుని 1983లో తమ యంత్రాన్ని అమ్మకానికి తెచ్చారు. మరుసటి ఏడాది నుంచి ఫీనిక్స్ అనే సంస్థ అటువంటి బయోస్‌నే ఇతర తయారీదారులకు అమ్మసాగింది. 1995లో ఇంటెల్ ఏ.టి.ఎక్స్. అనే కొలతల పద్ధతిని ప్రకటించింది. మదరుబోర్డుకు మరలు ఎక్కడ పడాలో, కరెంటు తీగ ఎలా తగలాలో అన్నీ అందులో ఖరారయ్యాయి. ఆ పద్ధతి పాటించిన బోర్డు ఎవరు చేసినదైనా, ఎవరు చేసిన పెట్టెలోనైనా కూర్చునే రోజులు వచ్చాయి.

ఆ రోజులు మా తరానికి సికిందరాబాదు పార్కులేనులో కనిపించాయి. చెనాయ్ ట్రేడ్ సెంటరు, అందరి నోటా సి.టి.సి. ఇరుకు వరండాలు, అద్దాల వెనుక అట్టపెట్టెలు, గంట గంటకూ మారే ధరల కాగితాలు. ఒక దుకాణంలో ధర అడిగి, పక్క దుకాణంలో బేరమాడి, మూడో దుకాణంలో కొనడం అక్కడి ఆచారం.

2004లో సంక్రాంతికి ముందు నేను అక్కడికి వెళ్ళినది నాన్నగారి కోసం. ఆయన తెలుగు పండితులుగా పదవీ విరమణ చేసి రేపల్లె దగ్గరి మా ఊళ్ళో ఉండేవారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం, ఆ వ్యవసాయ పదాల సంపుటం, ఆయనకు ప్రాణం. దాని అడుగుజాడలో మా ఊరి మాగాణుల్లో, లంకల్లో వినబడే మాటలన్నిటినీ సేకరించి ఒకచోట చేర్చాలన్నది ఆయన సంకల్పం. ఆకుమడి, దమ్ము, పన, కళ్ళం వంటి మాటలు మనకూ తెలుసు. వాటి చుట్టూ అల్లుకుని ఒక్క ఊరికి, ఒక్క పాలేనికి పరిమితమైన మాటలు ఎన్నో ఉంటాయి. అవి చెప్పగలిగిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారన్న తొందర ఆయనది. అప్పటికి పదకొండు నోటుపుస్తకాలు నిండాయి.

“ఇవన్నీ కంప్యూటరులోకి ఎక్కించండి నాన్నగారూ, అకారాది క్రమం దానంతట అదే వస్తుంది” అన్నాను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఖతి ఉంది, ఇన్‌స్క్రిప్టు కీబోర్డు ఉంది. ఆయన నా మాట నమ్మి, గ్రాట్యుటీలో మిగిలిన 30,000 రూపాయలు నా చేతిలో పెట్టారు.

నాకు కావలసిన కొలతలతో పేరున్న సంస్థల కంప్యూటరు అప్పట్లో 42,000 దాకా చెప్పారు. విడిభాగాలైతే ఆ 30,000లో సరిపోతాయి. నేను రాసుకున్న చీటీలో పెంటియం 4 ప్రాసెసరు, 80 గిగాబైట్ల హార్డుడిస్కు, 17 అంగుళాల మానిటరు ఉన్నాయి. అన్నీ కలిపేసరికి లెక్క కాస్త పైకి పోయింది. ఎక్కడో ఒకచోట తగ్గించాలి.

దుకాణదారు మంచివాడు. “సార్, డబ్బాతో ఎస్.ఎం.పీ.ఎస్. ఫ్రీ వస్తుంది. కానీ ఊరికి అంటున్నారు కదా, అక్కడ కరెంటు ఎట్లుంటదో. మంచిది వేరేగా తీసుకోండి, 1,900 అవుతుంది” అన్నాడు.

ఎస్.ఎం.పీ.ఎస్. అంటే పెట్టె వెనుక భాగాన ఫ్యానుతో కూర్చునే ఇనుప డబ్బా. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలన్నిటికీ పంచిపెట్టడం దాని పని. మంచిదానికి చేతికి తెలిసేంత బరువుంటుంది. లోపల రాగి చుట్టలు, వేడిని లాగే అల్యూమినియం పలకలు, కరెంటు అదుపు తప్పితే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉంటాయి. పెట్టెతో ఉచితంగా వచ్చినదాని మీద 450 వాట్లని రాసి ఉంది. ఎత్తి చూస్తే ఖాళీ డబ్బాలా ఉంది. నాకు తెలియక కాదు. ఆ 1,900తో మరో 256 మెగాబైట్ల ర్యామ్ వస్తుంది. అప్పుడది 512 అవుతుంది. 512 అని నలుగురికీ చెప్పుకోవచ్చు. ఎస్.ఎం.పీ.ఎస్. గురించి ఎవరూ అడగరు, ఎవరికీ చెప్పుకోము. తెలుగు మాటలు ఒక్కొక్కటిగా కొట్టుకునే పెద్దాయనకు 512 మెగాబైట్లు ఎందుకో ఆ పూట నాకు తోచలేదు.

అట్టపెట్టెలన్నీ రైల్లో వేసుకుని ఊరికి చేరాను. కనుమ నాడు వసారాలో దుప్పటి పరిచి, నాన్నగారు టార్చిలైటు పట్టుకోగా బిగింపు మొదలుపెట్టాను. ప్రాసెసరు కాళ్ళు వంగకుండా దించి మీట వేయడం, హార్డుడిస్కు పట్టీతీగలో ఎర్రగీత ఎటు రావాలో చూసుకోవడం, ఒక్కొక్కటీ ఆయనకు వివరిస్తూ పోయాను. ప్రతిదానికీ ఆయన తన లోకంలోంచి ఒక పోలిక వెతుక్కునేవారు. ఆ ఇనుప డబ్బా దగ్గరికి వచ్చేసరికి అడిగారు.

“ఇదేం చేస్తుందిరా?”

“బయటి కరెంటు తీసుకుని, దేనికి ఎంత కావాలో అంత పంచుతుంది నాన్నగారూ.”

“అయితే తూమన్నమాట. కాలవలో నీళ్ళు ఎన్నున్నా చేలోకి వచ్చేది తూము గుండానే. అది చెడితే చేను ఎండనన్నా ఎండుతుంది, మునగనన్నా మునుగుతుంది. తూము మంచిదేనా?”

“మంచిదే” అన్నాను.

మీట నొక్కగానే యంత్రం ఒక్క కూత కూసి లేచింది. ఆయన మొహంలో కనిపించిన సంతోషం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నాకు కూడా ఏదో సాధించానన్న గర్వం కలిగింది. దుకాణంలో కొన్న యంత్రం ఆ గర్వం ఇవ్వదు. ఆ మాట ఇప్పటికీ అంటాను.

నాన్నగారు రెండు వేళ్ళతో, రోజుకు నాలుగైదు మాటల చొప్పున, మూడేళ్ళకు పైగా ఎక్కించారు. 4,000 మాటల దాకా అయ్యాయి. ఎక్కించిన నోటుపుస్తకం ఎక్కించినట్టు పక్కన పడేసేవారు. 2006లో సెలవులకు వెళ్ళినప్పుడు, చెదలు పట్టిన ఆ పుస్తకాలను “ఇక వీటితో పనేముంది?” అని పాతకాగితాలవాడికి వేయించినది నేనే.

2007 మే నెలలో ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. కాలిన వాసన వచ్చిందట, యంత్రం ఆరిపోయిందట. వెళ్ళి విప్పి చూస్తే తూము తెగింది. డబ్బాలో కెపాసిటర్లు పగిలి ఉన్నాయి. అది పోతూ పోతూ హద్దు మీరిన వోల్టేజీని లోపలికి వదిలింది. మదరుబోర్డుతో పాటు హార్డుడిస్కు అడుగుభాగాన ఉండే పలక కూడా నల్లబడిపోయింది. హైదరాబాదుకు పట్టుకువచ్చి, పోయిన సమాచారాన్ని వెలికితీసేవారికి చూపించాను. డిస్కు లోపలి చిప్పు కూడా కాలిందనీ, ప్రయత్నించినా ఫలితం ఉండదనీ తేల్చారు. ఆ 4,000 మాటలూ కలిపినా ఒక మెగాబైటు నిండవు. 1.44 మెగాబైట్ల ఫ్లాపీ ఒక్కదానిలో హాయిగా పట్టేవి. పది రూపాయల ఫ్లాపీ అది. నకలు ఒకటి తీసిపెట్టాలని ఆయనకు తెలియదు. తెలిసినవాణ్ణి నేను.

నాన్నగారికి ఏం చెప్పాలి? అంతకు రెండు రోజుల ముందు మా ఊళ్ళో గాలివాన పడింది. “ఉరుములకు పోయి ఉంటుంది నాన్నగారూ, మనం చేయగలిగినదేమీ లేదు” అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, “పిడుగుకు ఎవరేం చేస్తార్లే” అన్నారు. మరో కంప్యూటరు కొనిస్తానంటే వద్దన్నారు. కొత్త నోటుపుస్తకం ఒకటి తెప్పించుకుని, గుర్తున్నంత వరకు ‘అ’ నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. 2013లో ఆయన పోయే నాటికి ‘చ’ దగ్గరికి వచ్చారు.

పేరున్న సంస్థ యంత్రం కొని ఉంటే ఆ మాటలు దక్కేవా? ఈ లెక్క నేను చాలాసార్లు వేసుకున్నాను. బహుశా ఆ రోజుకు దక్కేవి. లోపలి భాగాలకు తగిన డబ్బా పెట్టడం, అన్నిటినీ కలిపి పరీక్షించడం వారి పని. మనం ఇచ్చే ఎక్కువ డబ్బులో ఆ జవాబుదారీ కూడా ఉంటుంది. అలాగని వారిని గుడ్డిగా నమ్మడానికీ లేదు. ఆ దశకంలో నాసిరకం కెపాసిటర్లు ఉబ్బి పగిలిపోవడం లోకమంతటా జరిగింది. పెద్ద సంస్థల యంత్రాలూ అందుకు బలయ్యాయి. నేను చేసిన పనే వాళ్ళూ చేస్తారు. ప్రాసెసరు పేరు పెట్టె మీద మెరిసేలా రాస్తారు, బయటికి కనిపించని చోట చవకది పెడతారు. కొన్ని యంత్రాలలో డబ్బా ఆకారమూ, తీగల అమరికా వారి సొంతం. చెడితే బజారులో దొరికేది పట్టదు, వారి దగ్గరికే వెళ్ళాలి. ఇక వారంటీ అన్నది డిస్కు పోతే డిస్కు ఇస్తుంది. అందులోని అక్షరాలకు హామీ ఎవరూ ఇవ్వరు. కొన్నా, కట్టుకున్నా అది మన మీదే ఉంటుంది.

మా అమ్మాయి ఆర్కిటెక్చరు చదువుతోంది. తనకు కావలసినది భారీ యంత్రం. నేను మౌనంగా ఉండడం చూసి, “ఏంటి నాన్నా, ఎప్పుడూ టకటకా చెప్పేస్తావుగా?” అంది. ఆ సాయంత్రం ఉచితంగా వచ్చిన ఆ డబ్బా సంగతి తనకు చెప్పాను. పదిహేడేళ్ళలో ఒక మనిషికి చెప్పడం అదే మొదటిసారి. తను అంతా విని, “తాతయ్యకు చెప్పలేదా?” అని మాత్రం అడిగింది. లేదన్నాను. ఆపైన ఏమీ అడగలేదు.

చివరికి కట్టుకుందామనే నిశ్చయించింది. ఈసారి చీటీ తను రాసింది, స్క్రూడ్రైవరు తను పట్టింది, టార్చిలైటు నేను పట్టాను. టార్చి అవసరం పెద్దగా లేదు కూడా. ఇప్పుడు ప్రాసెసరుకు కాళ్ళు లేవు, అవి సాకెట్టులోకి మారాయి. పట్టీతీగలు లేవు. డిస్కు అన్నది వేలెడంత పలక, నేరుగా బోర్డుకే తగులుతుంది. మారనిది వెనుక మూలనుండే ఆ ఇనుప డబ్బా ఒక్కటే. చీటీలో దాన్ని మొదటి వరుసలో రాయించాను. 80 ప్లస్ గుర్తు చూసి సంతృప్తి పడవద్దనీ, 2004లో వచ్చిన ఆ గుర్తు కరెంటు ఎంత వృథా కాకుండా మారుస్తుందో చెబుతుందే కానీ ఆపదలో కాపాడుతుందో లేదో చెప్పదనీ, లోపలి రక్షణ ఏర్పాట్లు విడిగా చదువుకోవాలనీ చెప్పాను. రెండో వరుసలో, విడిగా దాచుకునే డిస్కు ఒకటి. ఈ రెండింటికీ డబ్బు పక్కన పెట్టాకే ప్రాసెసరు సంగతి. ఇప్పుడు ఎవరు అడిగినా నా సమాధానం ఇదే. ఆ వరుసలో కొనే ఓపిక ఉంటే కట్టుకోండి, లేకపోతే సిద్ధంగా ఉన్నది కొనుక్కోండి.

యంత్రం లేచాక మా అమ్మాయి దానితో చేసిన మొదటి పని నాన్నగారి ఆఖరి నోటుపుస్తకాన్ని పేజీ పేజీ స్కాను చేసి మూడు చోట్ల దాచడం. నేను చెప్పలేదు, తనే చేసింది. అందులో చివరి పేజీలో సగం ఖాళీగా ఉంది. దానికి పైన ఆయన గుండ్రటి చేతిరాతలో ఉన్న ఆఖరి మాట ఇది:

చాలు – నాగలి సాగిన మేర నేలలో పడే గీత.