నాచారంలో నలభై రోజులు

ఉప్పల్ అనగానే ఈ రోజుల్లో ఎవరికైనా గుర్తొచ్చేది క్రికెట్టే. 2005 నవంబరులో మనవాళ్ళు దక్షిణాఫ్రికా జట్టుతో అక్కడ మొదటి వన్డే ఆడింది మొదలు, ఆ స్టేడియం పేరు ఊరి పేరును మింగేసింది. మ్యాచి ఉన్న రోజున మా ఇంటికి చుట్టాలెవరూ రారు, టిక్కెట్టు దొరికినవాళ్ళు తప్ప. కానీ ఉప్పల్‌ది పాత దారి. ఓరుగల్లు వెళ్ళేవాళ్ళూ, యాదగిరిగుట్ట మొక్కు తీర్చుకునేవాళ్ళూ నేటికీ ఆ చౌరస్తాలోనే బస్సు కోసం మెడలు సాచి నిలబడతారు. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చిన తరువాత మెడలు సాచడం కొంచెం తగ్గిందనుకోండి.

మా ఇల్లు నాచారంలో. హబ్సిగూడాలో మెట్రో దిగి ఆటో ఎక్కాలి. వెనకవైపు భూభౌతిక పరిశోధనాలయం, కణజీవ పరిశోధనాలయం. ముందుకు వస్తే కార్ఖానాలు, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, రామారావుగారి రామకృష్ణా స్టూడియో. శాస్త్రజ్ఞుడూ, ఫిట్టరూ, సినిమా వేషాల కోసం తిరిగి అలసి చివరికి కిరాణా కొట్టు పెట్టుకున్నవాడూ ఒకే బండి దగ్గర టీ తాగే చోటు ఇది. పరదేశులు ఈ వైపుకి కొత్తా అంటే, అదీ కాదు. హబ్సిగూడా పేరులోనే హబ్షీలున్నారు గదా!

అయినా నిరుడు బతుకమ్మకు పదిరోజుల ముందు మా పై వాటాలోకి ఒక అమెరికా జంట దిగేసరికి వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఇద్దరికీ అరవై దాటాయి. ఆయన బడిపంతులు చేసి విరమించిన మనిషి. ఊరు ఐడహో రాష్ట్రంలో, బంగాళాదుంపలకు పేరుపడ్డ చోటు. లోకం మోర్మన్లని పిలిచే క్రైస్తవ శాఖ వాళ్ళది. ఆ శాఖలో పిల్లలు ఎదిగి, ఉద్యోగం అయిపోయాక ఇలా మిషనరీలుగా బయలుదేరే దంపతులు చాలామంది ఉన్నారట. జీతం బత్తెం లేవు, ఖర్చులు సొంతం. వీరు పద్ధెనిమిది నెలలకని వచ్చారు. ఇక్కడి తమ సంఘస్థులకు తోడుగా ఉండడం వాళ్ళ పని.

మొదటి వారం వాళ్ళు దేవుడి మాట ఎత్తగా నేను వినలేదు. ఎత్తడానికి తీరికేదీ? మంచినీళ్ళ డబ్బా ఎవరికి ఫోను చేస్తే వస్తుంది, గ్యాసు బండ ఎవరు తెస్తారు, ఆటోవాడు వేళ్ళు చూపిస్తే అది ఎన్ని పదులు, ఇవే ప్రశ్నలు. హబ్సిగూడా చౌరస్తాలో రోడ్డు దాటడానికి ఆయన అరగంట నిలబడ్డాడు. చివరికి బడికి పోయే పిల్లవాడొకడు చేయిపట్టి దాటించాడు. నలభై ఏళ్ళు పిల్లల్ని దారిలో పెట్టిన పంతులు ఆ సంగతి నాకు చెప్పి పడీపడీ నవ్వాడు.

భాష ఇంకో తంటా. ఆయన ముచ్చటపడి తెలుగులో నమస్కారం పెడితే కొట్టువాడు హిందీలో జవాబిస్తాడు. ఆవిడ చిన్న పుస్తకంలో రోజుకి పది మాటలు రాసుకునేది. “చాలు” అన్న మాట ముందు నేర్పించింది మా ఆవిడ. నేర్పీ ప్రయోజనం లేదు సుమండీ, వడ్డించేవాళ్ళు ఆ మాటను ఎప్పుడు నమ్మారు గనుక!

వీధిలో గుసగుసలు లేకపోలేదు. “మతంల కలుపుకోనికి వచ్చిండ్రు” అని ఒకరిద్దరు తలుపు దగ్గరగా వేసుకున్నారు. దాచడమెందుకు, నాకూ ఆ శంక ఉండేది. ఒక సాయంత్రం మేడమీద ఆవిడను సూటిగా అడిగేశాను. ఆవిడ నొచ్చుకోలేదు. “ఎవరైనా అడిగితే మా నమ్మకం చెబుతాం. అడగకపోతే పొరుగువాళ్ళం” అంది. నాకు పూర్తిగా తృప్తి కలగలేదు. కానీ అబద్ధమాడలేదని మాత్రం తోచింది.

ఆ మాటల్లోనే ఆయన ఒక సంగతి చెప్పాడు. తమ సంఘాన్ని ఈ నగరంలో నాటింది అమెరికా వాళ్ళు కాదట, తెలుగువాళ్ళేనట. ఎడ్విన్ ధర్మరాజు అనే హైదరాబాదు శాస్త్రజ్ఞుడు సమోవా దీవుల్లో ఉద్యోగం చేస్తూ, భార్య ఎల్సీతో సహా అక్కడ ఆ మతంలో చేరాడు. 1978 డిసెంబరులో ఆ దంపతులే మిషనరీలుగా సొంతవూరు వచ్చారు. మొదట బాప్తిస్మం పొందినవాళ్ళు వాళ్ళ చుట్టాలు. ఎల్సీ తండ్రి బాప్టిస్టు బోధకుడై ఉండీ ఆ శాఖవారి గ్రంథాన్ని తెలుగు చేశాడు. 2012లో ఆ శాఖకు భారతదేశం మొత్తంమీద మొట్టమొదటి “స్టేకు”, అంటే కొన్ని సంఘాల కూటమి, హైదరాబాదులోనే ఏర్పడింది.

నేనూ ఊరుకుంటానా? నెల్లూరు సీమ జాన్ రంగయ్యగారి కథ చెప్పాను. నేటాలు చెరకు తోటలకు మద్రాసు నుంచి మొదటి కూలీల ఓడ చేరింది 1860లో. ఆ వెనక వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళు లెక్కలేనంతమంది. వాళ్ళ కోసమని తెలుగు బాప్టిస్టులు తమలో తాము చందాలు పోగుచేసి 1903లో రంగయ్యగారిని దక్షిణాఫ్రికా పంపించారు. ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్నీ తేయాకు తోటల దగ్గర తెలుగు సంఘం వెలిసింది. తెల్లవాళ్ళు మాత్రమే సముద్రాలు దాటి మిషనరీలుగా వెళతారని నమ్ముతూ వచ్చిన ఆ దంపతులు నోళ్ళు తెరిచి విన్నారు. ఆవిడ రంగయ్యగారి పేరు తన పుస్తకంలో రాసుకుంది.

1805లో విశాఖపట్నంలో దిగిన క్రాన్, డెగ్రాంజి దొరల సంగతి కూడా చెబుదామని నోటిదాకా వచ్చింది. లండను మిషనువాళ్ళు పంపిన మనుషులు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలు తెలుగులోకి దించారు. క్రాన్ 1809లోనూ, డెగ్రాంజి 1810లోనూ ఇక్కడే పోయారు. వాళ్ళు పడిన పాటు శ్రీరాంపూరులో అచ్చయి వచ్చింది 1812లో. కొత్తగా వచ్చినవాళ్ళకు చెప్పే కథ కాదని మింగేశాను.

బతుకమ్మ వచ్చింది. ఆడవాళ్ళు ఆవిడను పిలిచారు. తంగేడు, గునుగు, బంతి పళ్ళెంలో పేర్చడం అరగంటలో పట్టుబడింది ఆవిడకు. తీరా అందరూ చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగే వేళకు పక్కకు జరిగి నిలబడింది. అది పూజ కదా, తన విశ్వాసానికి సరిపడదని మా ఆవిడతో మెల్లగా చెప్పింది. ఒక ముసలమ్మ మూతి ముడిచింది. మా ఆవిడ మాత్రం, “పోనీలెండి, మొహమాటానికి దేవుణ్ణి మార్చుకునే మనిషి కాదు” అంది. సద్దుల నాడు చెరువు గట్టుదాకా వచ్చి, పళ్ళేలు మోసి, ప్రసాదం తినకుండా పిల్లలకు పంచిపెట్టింది. మెచ్చినవాళ్ళు మెచ్చారు, లేనివాళ్ళు లేదు.

ఇక నాలుగో వారం. ఒక రాత్రి ఫోను వచ్చింది, ఐడహోలో ఆవిడ చెల్లెలు గుండె ఆగి పోయిందని. మూడో నాడు అంత్యక్రియలు. అక్కడ మధ్యాహ్నం, ఇక్కడ అర్ధరాత్రి. అరచేయంత ఫోను తెరమీద తోబుట్టువును సాగనంపింది ఆ తల్లి. తెల్లారి చూద్దును గదా, సూట్‌కేసు మంచం మీద తెరిచి ఉంది. వెళ్ళాలంటే వెళ్ళు, టిక్కెట్టు కొంటాను, నేను వెనక వస్తానని ఆయన అంటున్నాడు. ఆవిడ జవాబు చెప్పడంలేదు.

ఆ పూట పై వాటాలో పొయ్యి వెలగలేదు. చావు కబురు వచ్చిన ఇంట్లో ఇరుగుపొరుగు వండి పెట్టడం మనకు ఒకరు చెప్పాలా? ఎదురింటివాళ్ళు కారం వెయ్యని పప్పు తెచ్చారు, మా ఇంటినుంచి అన్నం, పెరుగు. తలుపు దగ్గరగా వేసుకున్న వాళ్ళింటి నుంచి కూడా ఒక గిన్నె వచ్చింది. అంగడిలో ఆలుగడ్డలు అమ్మే మనిషి, ఆవిడను రోజూ “ఏం గావాలె దొరసానీ” అని ఆటపట్టించేది, బుట్ట కింద వదిలేసి మెట్లెక్కి వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. పక్కన చతికిలబడి చెయ్యి పట్టుకుని, “అక్కనా? చెల్లెనా?” అని ఒకే మాట అడిగింది.

వాళ్ళ భాషలో రెంటికీ ఒకటే మాట. ఆవిడ కాసేపు చూసి, పుస్తకం తీయకుండానే, “చెల్లె” అంది. అని, అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు ఏడ్చేసింది. ఇద్దరూ ఏడ్చారు. మేము మెట్లు దిగి వచ్చేశాము.

సూట్‌కేసు రెండు రోజులు మంచం మీదే ఉంది. మూడో రోజు మా అబ్బాయిని పిలిచి అటక ఎక్కించారు. ఎందుకు ఆగిపోయారని నేనడగలేదు. ఆవిడే మా ఆవిడతో అందట, ఇప్పుడు వెళితే అక్కడ చెల్లెలు ఉండదు, ఇక్కడ తానుండదు అని.

నలభయ్యో రోజో, ఒకటి అటో ఇటో, అంగడిలో కనబడింది. సంచీలో ఆలుగడ్డలు వేయించుకుని డబ్బులిచ్చి, కదలకుండా నిలబడి, “కొసరు” అంటోంది. ఈ మాట ఎవరు నేర్పారో మరి, మేమైతే కాదు.

“ఇగో పెద్దమ్మా, కరివేపాకు తీస్కో. ఇంగ నడువు” అని రెండు రెబ్బలు సంచీలో పడేసింది ఆ మనిషి.