కొబ్బరికల్లు - కాలాపానీ

తాటితోపుల మధ్య పెరిగినవారు ఓడ దిగి అండమాన్‌లో అడుగుపెట్టగానే కంటికి ఆనేది కొబ్బరిచెట్టు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి తరతరాలుగా ఈ దీవులకు తరలివచ్చిన తెలుగువారు అనేకులు. 2011 జనగణన ప్రకారం ఇక్కడి జనాభాలో దాదాపు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో చేపల రేవు మొదలుకొని సచివాలయం వరకు ఉత్తరాంధ్ర యాస వినిపిస్తూనే ఉంటుంది. ఇంటి మీద బెంగపడిన వాడు తలచుకునే రుచులలో ఆవకాయకు, ఎండుచేపలకు ఉన్న స్థానం తాటికల్లుకూ ఉంది. అయితే ఆవకాయ జాడీకెక్కి సముద్రం దాటుతుంది. కల్లు దాటదు.

దానికి కారణం కల్లు స్వభావంలోనే ఉంది. కల్లు వయసును గంటలలో లెక్కించాలి. చెట్టు నుంచి దిగిన క్షణాన అది చక్కెర నీరు. గాలిలోని, లొట్టిలో నిన్నటి మడ్డిలోని ఈస్టు దానిని వెంటనే పట్టుకుంటుంది. తెల్లవారుజామున తీపి, పొద్దెక్కేసరికి నురుగు, మధ్యాహ్నానికి ఘాటు, సాయంత్రానికి పులుపు, మరునాటికి వెనిగారు. ఒక పూట గడిచేసరికి అందులో ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్లకు చేరుతుంది. అంటే సామాన్యమైన బీరుకు సమానం. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగి నీరాగా మిగులుతుంది. కాస్తే బెల్లమవుతుంది. ఒకే చెట్టు రసం పాలకులకు పన్నుగా, వైద్యులకు ఔషధంగా, సంస్కర్తలకు శత్రువుగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఎవరు ఏ వేళకు చెట్టుకింద నిలబడ్డారన్నదే తేడా.

ఇటీవలి దశాబ్దాలలో నగరాలలో చిన్న బట్టీలలో కాచే బీరును మెచ్చుకునే రసికవర్గం ఒకటి ఏర్పడింది. తాజాదనం, స్థలమహిమ, రుతువును బట్టి మారే రుచి - ఇవీ వారు కోరే గుణాలు. బవేరియాలో 1553 నాటి శాసనం ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 వరకు బీరు కాయడాన్ని నిషేధించింది. ఎండకాలపు వేడిలో సరుకు చెడిపోతుందని. మార్చిలో గట్టిగా కాచి చల్లని నేలమాళిగలలో దాచిన బీరుకు ఆ నెల పేరే స్థిరపడింది. అక్కడ రుతువును నిర్ణయించినది ప్రభుత్వం. తెలుగునాట ఆ పని చెట్టే చేస్తుంది. చలికాలం ఈతకల్లుది. చలి తగ్గుతుండగా పోతుతాడు, ఎండలు ముదిరేసరికి పండుతాడు. గోదావరి, విశాఖ మన్యాలలో జీలుగుచెట్టు. ఒక్క చెట్టు ధారాళంగా పారితే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. ఈతకల్లులో సన్నని తీపి, తాటికల్లులో ఒగరుతో కలిసిన నిండుదనం, జీలుగుకల్లులో చిక్కదనం. వీటిని కళ్లు మూసుకుని గుర్తుపట్టగలిగిన గీతకారులను రుచిపరీక్షకులుగా ఏ విద్యాసంస్థా గుర్తించలేదు గాని, ఆ పరిజ్ఞానం మాత్రం ద్రాక్షసారా పండితుల పరిజ్ఞానానికి తక్కువైనది కాదు.

కొబ్బరికల్లు వేరు. కొబ్బరి ఏడాది పొడవునా ఒకదాని తరువాత ఒకటిగా పూపొత్తులు వేస్తుంది కాబట్టి దానికి గీత కాలమంటూ ప్రత్యేకించి లేదు. విచ్చుకోని పొత్తిని తాటితో బిగించి కట్టి, రోజుల తరబడి మెల్లగా తట్టి, కొస కోసి, పూట పూటకూ పలుచని చెక్కు తీస్తూ ఉంటే రసం ఊరుతుంది. తాటికల్లు అలవాటైన నాలుకకు ఇది మొదట చప్పగా, పాలు కలిపిన నీటిలా తోస్తుంది. రెండు గంటలు ఓపిక పట్టాలి. అప్పుడు అందులోంచి ఒక పూలవాసన, నాలుక చివర సన్నని చురుకు బయటపడతాయి. దీవులలో మే నుంచి దాదాపు డిసెంబరు దాకా వానలు; లొట్టిలో వాన పడితే కల్లు పలచబడుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు పొడి రోజులలో దింపినదే శ్రేష్ఠం.

ఈ కల్లుకు అసలు స్వస్థానం నికోబార్. అండమాన్‌లోని ఆదివాసులకు పులిసిన పానీయం తయారుచేసే ఆచారం లేదు. కొబ్బరి కూడా వారి దీవులలో సహజంగా విస్తరించలేదు. పదో అక్షాంశపు జలసంధికి దక్షిణాన నికోబార్‌లో పరిస్థితి పూర్తిగా భిన్నం. అక్కడ కొబ్బరి ఆహారం, పందులకు మేత, ఇంటి ఆస్తి. వచ్చిపోయే ఓడలతో జరిపిన వర్తకంలో వస్తువుల వెల కట్టినది కొబ్బరికాయల జతలలోనే. కార్ నికోబార్‌లో తోటలు వ్యక్తివి కావు, తుహేత్ అనే ఉమ్మడి కుటుంబానివి. గీసిన పొత్తికి కాయలు కాయవు. అంటే కల్లు తాగడమంటే నాణేలు కరిగించి తాగడమే. అందువల్ల ఎన్ని చెట్లు కాయకు, ఎన్ని కల్లుకు అన్నది కుటుంబమంతా ఆలోచించవలసిన లెక్క. పందుల పండుగకు, పెద్దల స్మరణకు జరిగే విందులకు కల్లు ఉండాలి, అతిథికి ఇవ్వాలి. అది అంగడి సరుకు కాదు. నికోబార్‌లో బయటివారి ప్రవేశం 1956 నాటి ఆదిమజాతుల రక్షణ నిబంధనల కింద అనుమతికి లోబడినది. అందుచేత ఈ కల్లు రుచి చూడగోరే యాత్రికునికి డబ్బు ఉన్నా ప్రయోజనం లేదు.

చెట్టు మీద, దాని రసం మీద ఇటువంటి హక్కు ఒకప్పుడు రంప మన్యంలోనూ ఉండేది. రంప అనగానే 1922లో మొదలైన అల్లూరి సీతారామరాజు పోరాటం స్ఫురిస్తుంది. దానికి నలభైమూడేళ్ల ముందు, 1879 మార్చిలో రాజుకున్న తిరుగుబాటుకు ముఖ్య కారణాలలో ఒకటి కల్లు. అంతవరకు కొండవాడు తన ఇంటికోసం గీసుకునే తాడికి, జీలుగుకు ఎవరికీ ఏమీ చెల్లించలేదు. మన్సబుదారు చిగురుపన్ను పేరిట వసూళ్లు పెంచాడు. ఆబ్కారీ ఏర్పాట్లు కొండలెక్కి ఇంటి అవసరానికి గీయడాన్నీ నిషేధించాయి. గుత్తదారులు, పోలీసులు కలిసి పీడించారు. ద్వారబంధాల చంద్రయ్య వంటి నాయకుల వెనుక ముఠాలు లేచాయి. తిరుగుబాటు విశాఖపట్నం కొండలకు, భద్రాచలం వైపుకు పాకింది. మద్రాసు పదాతి దళాలు ఆరు దిగవలసి వచ్చింది. 1880 ఫిబ్రవరిలో చంద్రయ్య హతుడయ్యాడు. పట్టుబడినవారిలో అనేకులను అండమాన్‌కు పంపారు.

సెల్యులార్ జైలు అప్పటికింకా లేదు. దాని నిర్మాణం 1896లో మొదలై 1906లో ముగిసింది. 1858 నుంచి నడుస్తున్న నేరస్థుల వలసలోనే వారు బతికారు. తన చెట్టు తాను గీసుకున్నందుకు రాజ్యంతో తలపడినవాడు, చెట్టు గీతకు ఎవరి అనుమతీ అడగని నికోబారీ ఉన్న పాలనలోకే చేరాడు. బ్రిటిష్ ప్రభుత్వం నికోబార్‌ను 1869లో స్వాధీనం చేసుకుంది. రెండుచోట్లా ఏలిక ఒక్కటే. ఒకచోట కల్లు ఆదాయం కాబట్టి నేరమైంది, మరోచోట ఆదాయం రాదు కాబట్టి ఆచారంగా మిగిలింది. ఖైదీలకు మాత్రం కొబ్బరి వేరే రూపంలో పరిచయమైంది. సెల్యులార్ జైలులో ఎద్దుకు బదులు మనిషిని కట్టిన గానుగ, రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె.

మత్తుపానీయం చెట్టుతో, వేళతో, ఇచ్చే చేతితో సంబంధం తెంచుకున్నప్పుడు ఏమవుతుందో ఈ దీవులే చూశాయి. 2008 డిసెంబరులో లిటిల్ అండమాన్‌లోని డుగాంగ్ క్రీక్ వద్ద, ఒడ్డుకు కొట్టుకొచ్చిన డబ్బాలోని ద్రవాన్ని మద్యమనుకుని తాగి 8 మంది ఓంగీలు మరణించారు. అప్పటికి ఆ జాతి మొత్తం సంఖ్య దాదాపు నూరు. పులిసిన రసం ఎరుగని జాతికి మద్యమన్నది బయటినుంచి, సీసాలోనో డబ్బాలోనో మాత్రమే తెలిసింది. దాని వాసనను బట్టి మంచిచెడ్డలు చెప్పగల పెద్ద ఒక్కరూ వారిలో ఉండే అవకాశం లేకపోయింది.

అంతకు నాలుగేళ్ల ముందు, 2004 డిసెంబరు 26 నాటి సునామీ నికోబార్ తీరాల కొబ్బరితోటలను తుడిచిపెట్టింది. కొన్నిచోట్ల నేలే కుంగి తోటల్లో ఉప్పునీరు నిలిచింది. తోటలు పోయి చేతికి పరిహారపు సొమ్ము వచ్చిన ఆ సంవత్సరాలలో సీసా మద్యం వాడకం పెరిగిందని పరిశోధకులు నమోదు చేశారు. సహాయక చర్యల లెక్కలలో ఇళ్లు, పడవలు, బడులు కనిపిస్తాయి. కల్లుకు పద్దు ఉండదు, ఉండనక్కరలేదు కూడా. కాని కొబ్బరి మొలక నాటిన ప్రతిచోటా ఆ పద్దు కూడా చెల్లినట్టే. పొడుగురకం కొబ్బరి పూతకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. సునామీ తరువాత నాటి, నిలదొక్కుకున్న చెట్లు ఈపాటికి గీతకు ఎదిగినవే.

విధి నిర్వహణపై ఆ దీవులకు వెళ్లే ఉద్యోగికి ఎవరైనా ఇంట కల్లు అందిస్తే, తాటికల్లుతో పోల్చకుండా పుచ్చుకోవడం మర్యాద. ఉదయం దింపినదైతే వెంటనే కాక కొంత ఆగి, నురుగు అణిగాక తాగాలి. పక్కన కాల్చిన చేప ఉంటే మరీ మంచిది. పొద్దు వాలాక ఇస్తే అది ఇంటివారి పాలు. ఒక్క గుక్కతో ఆపి పాత్ర తిరిగి ఇచ్చేయవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.