చందానగర్ సందులో మా బావ పికప్

చందానగర్ అంటే మీకేం గుర్తొస్తుంది? మెయిన్ రోడ్డు మీద చీరల షోరూములు, బంగారం కొట్లు, సాయంత్రం ఆరు దాటితే కదలని ట్రాఫిక్. నాకూ మొన్నటిదాకా అంతే. పొద్దున హైటెక్ సిటీకి పరుగు, రాత్రి మియాపూర్‌లో మెట్రో దిగి షేర్ ఆటోలో ఇంటికి. ఆ షోరూముల వెనక ఇంకో చందానగర్ ఉందని మా బావ పుణ్యమా అని తెలిసింది.

బావకి రామచంద్రాపురంలో పంపుసెట్ల వ్యాపారం. సెకండ్ హ్యాండ్‌లో ఇసుజు వి-క్రాస్ పికప్ కొన్నాడు. పేరు జపాన్‌దే కానీ, పుట్టింది మన శ్రీసిటీలో. 2016లో అక్కడ ఫ్యాక్టరీ మొదలైంది. వారమంతా ఆ బండి వెనకాల మోటార్లు, పైపులు. ఆదివారం అదే బండిలో అక్క, పిల్లలు. అలాంటి బండిని డ్రాగ్ రేసుకి తీసుకెళ్తానని కూర్చున్నాడు. లోనావాలా దగ్గర ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగిన పోటీల వీడియోలు చూసి ఎక్కిన పిచ్చి అది.

డ్రాగ్ రేసంటే చాలా సింపుల్. ఆగి ఉన్న బండి పచ్చలైటు పడగానే బయల్దేరి తిన్నగా పావు మైలు, అంటే 402 మీటర్లు దాటాలి. మలుపుల్లేవు. ఎవరు ముందు దాటితే వాళ్లదే గెలుపు.

శనివారం పొద్దున్నే బండి తీసుకుని రైల్వే స్టేషన్ వైపు సందులోకి వెళ్లాం. రేకుల షెడ్డు, నేలంతా నల్లటి ఆయిల్, గోడకి వేలాడే పాత బెల్టులు. ఎంఎంటీఎస్ వెళ్లినప్పుడల్లా రేకులు సన్నగా వణుకుతాయి. అక్కడి మెకానిక్‌ని అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు.

పికప్‌కి పుట్టుకతో ఒక ఇబ్బంది ఉంది. ఇంజిన్ బరువు ముందు, తోసే చక్రాలు వెనక. వెనక డెక్ ఖాళీగా ఉంటే ఆ చక్రాల మీద బరువు చాలదు. గట్టిగా తొక్కితే టైర్లు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. బండి బయల్దేరేటప్పుడు ముందున్న బరువులో కొంత వెనక్కి వాలాలి. నేను ఇంజనీర్ని కదా, రాత్రే లెక్క కట్టాను. బరువు సుమారు 1,900 కిలోలు, వీల్‌బేస్ 3,095 మిల్లీమీటర్లు. గరిమనాభి నేలకి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుని, 0.3 జీ త్వరణానికి చూస్తే దాదాపు 130 కిలోలు వెనక్కి వెళ్తాయి. ఇద్దరు మనుషులు డెక్ ఎక్కినంత.

"అయితే ముక్కు ఎంత లేపితే అంత బరువు వెనక్కి పోతుందన్నమాట" అన్నాను ఫోన్ చూపిస్తూ. ఉస్తాద్ నవ్వాడు. "ఉల్టా చెప్తున్నవ్ సార్. ముక్కు లేస్తే బరువు పోదు. బరువు పోతే ముక్కు లేస్తది. మనం జేసేదల్లా అది లేస్తుంటే అడ్డం పడకుండ జూసుడే."

నా ఫార్ములాలో ఉన్నదీ అదే. స్ప్రింగుల ఊసే లేదందులో. రాసుకున్న నాకే అర్థం కాలేదు.

పని మొదలైంది. ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఒక బాల్ జాయింట్ మార్చాడు. అవి లూజుగా ఉంటే ఏ సెట్టింగూ నిలబడదట. తర్వాత బావ తెప్పించిన అడ్జస్టబుల్ షాకప్‌లు. ముక్కు పైకి లేచే వైపు వదులుగా, కిందికి దిగే వైపు బిగువుగా తిప్పాడు. అలా అయితే ముందు భాగం చటుక్కున లేస్తుంది, గేరు మారేటప్పుడు ధబీమని పడిపోదు. స్టెబిలైజర్ బార్ లింకులు విప్పేశాడు. దాని బుష్‌ల బిగుతు కూడా అడ్డమే.

ఆఖరిది దారం పని. బండి పక్కన నైలాన్ దారం లాగి కట్టి, స్టీలు స్కేలుతో ముందు చక్రాల టో కొలిచాడు. 2 మిల్లీమీటర్లు లోపలికి ఉంది. రోడ్డుకి అది బాగానే ఉంది. జాకీతో ముక్కుని రెండంగుళాలు లేపి మళ్లీ కొలిస్తే 5 మిల్లీమీటర్లు బయటికి! "రేసుల ముక్కు లేచే ఉంటది. అప్పుడు చక్రాలు తిన్నగ ఉండాలె" అని, లేచిన ఎత్తులోనే టై రాడ్లు సరిచేశాడు. దించి చూస్తే ఇప్పుడు 7 మిల్లీమీటర్లు లోపలికి.

అంటే ఎయిర్‌స్ట్రిప్ మీద తిన్నగా పోయే బండి మామూలు రోడ్డు మీద వంకర చక్రాలతో నడుస్తుంది. లింకులు లేక మలుపులో పక్కకి వాలుతుంది, గతుకు తగిలితే ముక్కు పడవలా ఊగుతుంది. అదే బండిలో పిల్లలు కూర్చోవాలి.

ఉస్తాద్ టై రాడ్ల మీద రేసు సెట్టింగ్‌కి పసుపు పెయింట్‌తో గీత పెట్టాడు. తర్వాత, మేం అడక్కుండానే, అన్నీ మళ్లీ రోడ్డుకి తిప్పేసి అక్కడ తెల్ల గీత పెట్టాడు. లింకులు బిగించాడు. ఏ నాబ్ ఎన్ని క్లిక్కులో కాగితం మీద రాసి, "ఆడికి పోయినంక తిప్పుకోండ్రి" అన్నాడు.

బావ మొహం మాడిపోయింది. రోడ్డెక్కాక అసలు సంగతి బయటపెట్టాడు. "ఒరేయ్ బామ్మర్దీ, రాత్రి రెండింటికి ముత్తంగి దగ్గర ఓఆర్ఆర్ ఎక్కుదాం. పసుపు గీతకి నేనే తిప్పుతా. ఒక్క రన్, నువ్వు ఫోన్‌లో టైమ్ చూడు."

ఒప్పుకుంటే పోయేదేముంది అని ఒక్క క్షణం నాకూ అనిపించింది. నా లెక్క నిజమో కాదో చూడాలని ఉంది మరి. పబ్లిక్ రోడ్డు మీద రేసు మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ కింద నేరమని తెలుసు. కానీ నన్ను ఆపింది సెక్షన్ కాదు, ఆ 7 మిల్లీమీటర్లు. ఎదురుగా లారీ ఆగి ఉంటే బ్రేకు తొక్కేది ఆ చక్రాలతోనే. "నేను రాను బావా. అక్కకి చెప్పేస్తా" అన్నాను. మియాపూర్ సిగ్నల్ దాకా మాట్లాడలేదు. తర్వాత తనే "సరేలేరా, టీ తాగుదాం పద" అన్నాడు.

టీ తాగుతూ రోడ్డు వంక చూశాం. పుణె నుంచి మా బందరు దాకా వెళ్లే జాతీయ రహదారి 65 ఇదే, పాత తొమ్మిదో నంబరు. ఆంబీ వ్యాలీకి వెళ్లాలన్నా ఈ రోడ్డే పట్టుకుని పుణె దాటాలి. అంత దూరం తెల్ల గీత మీద వెళ్లి, అక్కడ పసుపు గీతకి మార్చుకుని, 402 మీటర్లు పరిగెత్తి, మళ్లీ తెల్ల గీతకి తిప్పుకుని ఇంటికి రావాలి. మళ్లీ పోటీ పెట్టినప్పుడు వెళ్దామనుకున్నాం. ఉస్తాద్ కాగితం డ్యాష్‌బోర్డు అరలో ఉంది. నిన్న ఆదివారం అదే బండిలో అందరం సంగారెడ్డి వెళ్లొచ్చాం. బావ ఎనభై దాటలేదు.