కౌన్సిల్ మీద ఫిర్యాదుకు కౌన్సిల్ డబ్బు

ఇంగ్లండ్‌లో ఓ మోస్తరు పట్నం. అక్కడి సిటిజన్స్ అడ్వైస్ ఆఫీసులో వచ్చినవాళ్లు కూర్చునే గదికి, సలహా చెప్పే గదులకు మధ్య తలుపులు గట్టిగా మూసి ఉంటాయి. బయటివాళ్లకు లోపలికి ప్రవేశం లేదు. అందుకే సూపర్‌వైజర్ ఖాళీ ఫారాలు ముందు పెట్టుకుని పని జరిగే తీరు నాకు వివరించారు. బయట ఒకామె ఒళ్లో సూపర్‌మార్కెట్ సంచీ, దాని నిండా చింపని కవర్లు. అలాంటి సంచీ రాగానే చేసే మొదటి పని కవర్లను రెండు కుప్పలు చేయడమట. అద్దె, కౌన్సిల్ ట్యాక్స్, గ్యాస్, కరెంటు ఒక కుప్ప. క్రెడిట్ కార్డులు, చేబదులు కంపెనీలు ఇంకో కుప్ప. ఫోన్లు చేసి ప్రాణం తీసేది రెండోదే గానీ ఇల్లు పోయేది మొదటి దానివల్ల. ఈ వేరుచేసే పనికి జీతం ఎవరివ్వాలన్నదే అసలు చర్చ.

ఈ సేవ 1939 సెప్టెంబరు 4న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడు, సుమారు 200 కేంద్రాలతో మొదలైంది. ఇప్పటికీ ఒక్కో ఊరి కేంద్రం దేనికది స్వతంత్ర ధార్మిక సంస్థ. లాటరీ నిధి, కరెంటు కంపెనీలు, రకరకాల ట్రస్టులు డబ్బిస్తాయి కానీ ప్రతి రూపాయికీ (అక్కడ పౌండుకు అనుకోండి) ఒక చీటీ అంటించి ఇస్తాయి: ఇది కరెంటు బిల్లులకు, ఇది అప్పులకు అని. మనుషుల కష్టాలు అలా విడివిడిగా రావు. కరెంటు బిల్లు కట్టలేకపోతున్నానని వచ్చిన మనిషికి అసలు ఇబ్బంది భృతి ఆగిపోవడం కావచ్చు, దాని వెనక పోయిన ఉద్యోగం ఉండవచ్చు. ఏ చీటీకీ చెందని ఆ మొదటి గంటకు, ఆఫీసు అద్దెకు, సూపర్‌వైజర్ జీతానికి సరిపడేలా చీటీ లేని డబ్బు ఇవ్వగలిగేది ముఖ్యంగా స్థానిక కౌన్సిలే. అందుకే మొత్తం బడ్జెట్‌లో దాని వాటా ఎంత అన్నదాన్ని బట్టి దాని విలువ కట్టకూడదంటాను. 2013 ఏప్రిల్ నుంచి భృతులు, అప్పులు, ఉద్యోగ వివాదాల్లో చాలా వరకు ప్రభుత్వ న్యాయసహాయం ఆగిపోయాక ఈ గది తప్ప వెళ్లే చోటు లేనివాళ్లు పెరిగారు.

పనిచేసేది వాలంటీర్లే కదా, డబ్బెందుకు అనేవారున్నారు. సూపర్‌వైజర్ చూపించిన ఒక ఫారమే దీనికి జవాబు. అది వైకల్యం ఉన్నవారికిచ్చే పిప్ అనే భృతికి పెట్టే దరఖాస్తు. మామూలు పొయ్యి మీద వండలేక మైక్రోవేవ్‌లో మాత్రం వండుకోగలిగితే 2 పాయింట్లు. రోజువారీ పనులన్నీ కలిపి 8 పాయింట్లు వస్తే భృతి, 12 వస్తే పెద్ద భృతి. అభిమానం కొద్దీ చాలామంది ‘వండుకుంటాను’ అని రాసేస్తారు. సగానికి పైగా రోజుల్లో వండగలరా, ప్రమాదం లేకుండానా, వండాక మళ్లీ లేవగలరా అని అడగడం నేర్పితేనే వస్తుంది. అలా నేర్పే మనిషికి జీతం కావాలి. ఇంటర్నెట్‌లో అంతా ఉంది కదా అన్న మాటకూ ఇదే సమాధానం. సరైన ప్రశ్న తెలిసినవాడికే ఇంటర్నెట్ ఉపయోగం. అక్కడి తెలుగువాళ్లకు ఇది మరీ వర్తిస్తుంది. చాలా వీసాల మీద ప్రభుత్వ నిధులు వాడుకోరాదన్న షరతు ఉంటుంది. ఒంటరిగా ఉన్నవారికి కౌన్సిల్ ట్యాక్స్‌లో ఇచ్చే 25 శాతం తగ్గింపు ఆ షరతు కిందికి రాదు, ఆదాయం తక్కువని ఇచ్చే తగ్గింపు వస్తుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరో రెండింటినీ కలిపేసి చెబితే చిక్కు వీసాకే.

గట్టి అభ్యంతరం వేరే ఉంది. సంచీలో మొదటి కుప్పలోని అప్పుల్లో ఒకటి కౌన్సిల్‌దే. పాత నిబంధన ప్రకారం వాయిదా తప్పి, గుర్తుచేసినా కట్టకపోతే ఏడాది మొత్తం ఒకేసారి కట్టాల్సి వస్తుంది. తర్వాత మేజిస్ట్రేట్ కోర్టు ఉత్తర్వు, ఆపైన బాకీ వసూలుకు వచ్చే బెయిలిఫ్. 2014 నాటి రేట్లు చూస్తే ఫైలు అందగానే 75 పౌండ్లు, ఇంటికొస్తే మరో 235. తనను నిలదీసేవారికి తానే జీతమివ్వాలా అని కౌన్సిలర్ అడిగితే అది వెటకారం ప్రశ్నేమీ కాదు. పైవాడు అలిగితే ఏమవుతుందో చూశాం కూడా. 1983లో మంత్రి జెరార్డ్ వాన్, రెడింగ్ కేంద్రంలో పనిచేస్తున్న అణ్వాయుధ వ్యతిరేక ఉద్యమ నాయకురాలు జోన్ రడాక్ వ్యవహారంలో, ఈ కేంద్రాల జాతీయ సంస్థకిచ్చే గ్రాంటులో సగం ఆపబోయాడు. కానీ లెక్క చూడండి. బెయిలిఫ్ ఫీజు కౌన్సిల్‌కు రాదు. సలహా గదిలో కుదిరిన వాయిదాలైతే నేరుగా ఖజానాకే వస్తాయి. పిప్ లాంటి భృతులు లండన్ ఖజానా నుంచి ఊళ్లోకి వచ్చే డబ్బు, అందులోంచే అద్దె, పన్ను కడతారు. కాబట్టి గ్రాంటు ఆపడం కన్నా ఒప్పందంలో రెండు మాటలు రాసుకోవడం మేలు: వచ్చినవారి పేర్లు కౌన్సిల్ అడగదు, కౌన్సిల్‌ను విమర్శించినందుకు గ్రాంటు తగ్గించదు.

2023లో బర్మింగ్‌హామ్, నాటింగ్‌హామ్ కౌన్సిళ్లు దివాలాకు దాదాపు సమానమైన సెక్షన్ 114 నోటీసు ఇచ్చాయి. అలాంటిచోట చట్టం తప్పనిసరి చేసిన ఖర్చులకే మొదటి పీట. ముసలివాళ్ల సంరక్షణ ఆపి సలహా ఆఫీసు నడపమని నేనూ అనను. అయితే ఇల్లు పోయినవాళ్లకు తాత్కాలిక వసతి చూపడం కూడా చట్టం మోపిన బాధ్యతే. 2023-24లో ఇంగ్లండ్ కౌన్సిళ్లు దానికి 200 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చు పెట్టాయి. సలహా వల్ల ఆగిపోయిన, ఇల్లు ఖాళీ చేయమనే నోటీసుకు జమాఖర్చుల్లో పద్దు ఉండదు గనక ఎంత మిగిలిందో ఎవరూ కచ్చితంగా నిరూపించలేరు. ఆ లోపాన్ని ఒప్పుకోవాల్సిందే. దానికి విరుగుడు, ఏ కేసు ఏ దశలో వచ్చిందో, ఎలా ముగిసిందో పేర్లు లేకుండా నమోదు చేయడం. ఆ పని కూడా జీతమున్న మనిషే చేయాలి. నాకు అన్నిటికన్నా దండగ అనిపించేది ఏడాదికోసారి గ్రాంటు. మార్చిలో బడ్జెట్ ఖాయమైతే ఏప్రిల్ నుంచి డబ్బు. ఈలోగా ఉద్యోగం ఉంటుందో లేదో తెలియక చేయి తిరిగిన సూపర్‌వైజర్ చలికాలంలోనే వేరేచోటు వెతుక్కుంటుంది. 2026-27 నుంచి కేంద్ర ప్రభుత్వం కౌన్సిళ్లకు మూడేళ్ల నిధులు ఒకేసారి ఖరారు చేస్తోంది. ఆ మూడేళ్ల హామీని కౌన్సిళ్లు తమ కింద ఉన్న ఇలాంటి ఆఫీసులకూ ఇవ్వకపోవడానికి కారణం నాకు కనిపించలేదు.