వయసు మీఱిన వేట

యౌవనమున వేటకాని మనస్సంతయు తుపాకి పేలు క్షణమునందే లగ్నమై యుండును; గాలివాలు, పక్షుల యరపులు, వాగుటిసుకలోని యడుగుజాడలు, మంచెపై మేల్కొనిన రాత్రులు, ఇవి యన్నియు ఆ క్షణమునకు సాధనములుగా మాత్రమే అతనికి తోచును. ఏండ్లు గడచినకొలది ఆ సాధనములే ప్రియతరములగుచు, మృగము నేలకొఱగుట వానికి అంతరాయముగా పరిణమించును. దీనిని కొందఱు ముదిమి తెచ్చిన మెత్తదనమందురు. నేనంగీకరింపను.

పేరొందిన వేటకాడు జిమ్ కార్బెట్‌నే చూడుడు. 1875లో నైనితాలున జన్మించి కాలాధుంగి యడవులలో పెరిగిన అతనికి బాల్యమున దొరికినది, మూతినుండి మందు కూరెడి పాత జంటగొట్టాల తుపాకి. అందొక గొట్టము పగిలినదే. దానితో అడవికోళ్లకై పొంచుచు పొదయొకటి చేరగా, ఆవలివైపునుండి పెద్దపులి వెలువడి, వెనుదిరిగి ఆ పసివానిని తేఱిపాఱజూచి, తొందర యేమియు లేక తనదారిని తాను పోయెనట. ఆ చూపే అతనిని మార్చెనని చెప్పుట కథకు సొంపు గాని సత్యము గాదు. పొవాల్‌గఢ్ బ్రహ్మచారి యని పేరొందిన మహావ్యాఘ్రమును అతడు 1930లో, ఏబదియైదవ యేట గూల్చెను. అది మనుజుల నెవరిని తిన్నది గాదు.

అయినను ఆ కాలముననే ఛాంపియన్ అను అటవీశాఖాధికారి తీసిన పులుల ఛాయాచిత్రములు అతని నాకర్షించినవి. చలనచిత్రపు కెమెరా చేతబట్టిన పిదప, దాని చప్పుడు పులి చెవిని బడకుండుటకై, అడవిలో వాగునకు అడ్డుకట్ట కట్టి, జలపాతధ్వని తగినంత యగువఱకు సవరించుచు వచ్చెను. ఎంతటి ఓర్పు! గాలి నెఱుగుట, జాడ చదువుట, కదలక కూర్చుండుట, అన్నియు వేటలోనివే. విద్య యిసుమంతయు తగ్గలేదు, పైగా కష్టము హెచ్చినది, ఏలయన తుపాకికి చాలు దూరము కెమెరాకు చాలదు, ఒక్క క్షణము దొరకినను చాలదు. తెచ్చుకొనిన చిత్రమును పదిమంది చూచి యానందింపవచ్చును. గోడకు దగిలించిన చర్మమును చూచి మురియువాడు కొట్టినవాడొక్కడే.

చేయి మెత్తబడెనందురా? 1938లో ఠాక్ గ్రామమున మనుజుల దినుచున్న ఆడుపులిని, మగపులి పిలుపును తన గొంతున బలికి, చీకటి పడువేళ బండపై కూర్చుండి దగ్గఱకు రప్పించి కొట్టినపుడు అతనికి అరువదిమూడేండ్లు. అంతకు రెండేండ్ల ముందే, 1936లో, వేటకు తావులేని హెయిలీ జాతీయోద్యానము ఏర్పడుటకు అతడు తోడ్పడి యుండెను. ఇప్పుడది అతని పేరనే పిలువబడుచున్నది.