ఏసీ వేస్తే వణికే కారు

మా పెట్రోలు కారుకి పదకొండేళ్లు. ఈ మార్చి నుంచి దానికో కొత్త జబ్బు పట్టుకుంది. పరుగెత్తేటప్పుడు బాగానే ఉంటుంది. ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆపితే చాలు, స్టీరింగూ అద్దమూ సీట్లూ అన్నీ దడదడలాడతాయి. రెండుసార్లు ఇంజనే ఆగిపోయింది. ఏసీ కట్టేస్తే మళ్లీ మామూలే.

"అయితే ఏసీ మానేయండి" అనొచ్చు మీరు. మా అత్తయ్యకి వారానికి రెండుసార్లు డయాలసిస్. తెనాలి నుంచి గుంటూరు తీసుకెళ్లేది నేనే, మావారికి ఆఫీసు. డయాలసిస్ అయ్యాక ఆవిడ వడిలిన తోటకూర కాడలా ఉంటారు, బీపీ పడిపోతుంది. అలాంటి మనిషిని మే నెల మధ్యాహ్నం అద్దాలు దించి ఎలా తీసుకొస్తాను? పోనీ ఏసీ వేసుకుంటే, వెనక లారీ హారన్ కొడుతుండగా నడిరోడ్డు మీద బండి ఆగిపోతే?

ఒక పెద్ద షెడ్డులో చూపిస్తే పది నిమిషాల్లో తేల్చేశారు. కంప్రెసర్ మార్చాలట, 30 వేలు. మావారు రాత్రంతా లెక్కలు వేసి, "అమ్మేసి టాక్సీ మాట్లాడుకుందాం" అన్నారు. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాల్సిందీ ఈ నెలలోనే. నేను రెండు రోజులు ఆగమని, మా వీధి చివర పాత మెకానిక్‌కి ఫోన్ చేశాను.

"అమ్మా, వణుకుతోందంటే సరిపోదు. ఎప్పుడు వణుకుతోంది, అప్పుడు ముల్లు ఎక్కడుంది, చూసి చెప్పండి" అన్నాడాయన.

నేను చదివింది బి.ఏ. తెలుగు. విభక్తులు తెలుసుగానీ వాల్వులు తెలియవు. అందుకే ముందు అసలు సంగతి చెప్పించుకున్నాను. ఏసీ కంప్రెసర్‌ని తిప్పేది ఇంజనే, బెల్టుతో. నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ నిమిషానికి సుమారు 700, 800 చుట్లు తిరుగుతుంది. ఏసీ వేయగానే బరువు మీద పడుతుంది కనక, కారులోని కంప్యూటర్ కాస్త గాలీ పెట్రోలూ ఎక్కువ ఇచ్చి ఇంజన్‌ని నిలబెట్టాలి.

మర్నాడు ఇంజన్ వేడెక్కాక, ఇంటి ముందు ఆరుబయట హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో పెట్టి పాల లెక్కల పుస్తకంలో రాసుకున్నాను. ఏసీ లేకుండా ముల్లు 750 దగ్గర కదలకుండా ఉంది. ఏసీ వేస్తే 500కి పడి, లేచి, మళ్లీ పడుతోంది. యాక్సిలరేటర్ కొంచెం తొక్కితే వణుకు పోతోంది. చల్లదనం బాగుంది. బెల్టు కీచుమనడం లేదు. ముందున్న ఫ్యాన్ తిరుగుతోంది.

చదివి వినిపిస్తే ఆయన ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాడు. కంప్రెసర్ బిగుసుకుంటే గరగరమని చప్పుడో బెల్టు అరుపో వినబడుతుంది, యాక్సిలరేటర్ తొక్కినంత మాత్రాన సర్దుకోదు. ఇంజన్ కింది రబ్బరు మౌంటింగ్ పోతే ముల్లు కదలకపోయినా బాడీ ఊగుతుంది. ఫ్యాన్ తిరగకపోతే ఏసీ ఒత్తిడి పెరిగి ఇంజన్ మీద బరువు ఎక్కువవుతుంది. ఇక్కడ ముల్లే పడుతోంది. "గాలి అందట్లేదమ్మా. థ్రాటిల్ బాడీ చూద్దాం, బండి తీసుకురండి."

గాలి గొట్టం ఊడదీసి చూపించాడు. లోపల గుండ్రటి రేకు, దాని అంచు చుట్టూ అట్లపెనం అడుగులాగా నల్లటి మసి. ఆ అంచు దగ్గర సందులోంచే నిలబడినప్పుడు గాలి వెళ్లాలట. ద్రావకం కొట్టి, గుడ్డతో తుడిచాడు. స్పార్క్ ప్లగ్గులు అరిగిపోయాయని నాలుగూ మార్చాడు. కంప్యూటర్ తగిలించి ఐడ్లింగ్ సరిచేశాడు. మొత్తం 2,300 రూపాయలు. ఇప్పుడు ఏసీ వేస్తే ముల్లు వెంట్రుకవాసి దిగి, 850కి లేచి నిలబడుతోంది.

అందరి కారుకీ ఇదే మందని కాదు. మీ బండికి మౌంటింగో, కంప్రెసరో నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ పెద్ద ఖర్చుకి సరేననే ముందు ఈ నాలుగు ముక్కలూ రాసుకుని వెళ్లండి. మూసిన షెడ్డులో మాత్రం ఇంజన్ నడపకండి, ఆ పొగ ప్రాణాంతకం. బెల్టు దగ్గరికి చెయ్యి, చీర కొంగు పోనివ్వకండి.

అదే పాల పుస్తకంలో వెనక పేజీల్లో అత్తయ్య డయాలసిస్‌కి ముందు బరువు, తర్వాత బరువు, బీపీ రాస్తుంటాను. "నీరసంగా ఉంటోంది" అని చెబితే డాక్టరుగారు తల ఊపి ఊరుకునేవారు. ఏ రోజు, ఎన్ని గంటలకి, బీపీ ఎంతున్నప్పుడు అని చూపించిన రోజున బీపీ మాత్ర వేళ మార్చారు.

మొన్న వచ్చేటప్పుడు నారాకోడూరు దగ్గర ట్రాఫిక్‌లో చాలాసేపు ఆగాం. ఏసీ నడుస్తూనే ఉంది. వెనక సీట్లో అత్తయ్య చప్పుడు లేకుండా ఉంటే కంగారుపడి అద్దంలో చూశాను. నోరు కొంచెం తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నారు.